పోయిందనుకున్న వీడియో, వేబ్యాక్ మెషీన్ పుణ్యమా అని

2016 ఏప్రిల్‌లో న్యూయార్క్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో జరిగిన ఐజాక్ అసిమోవ్ స్మారక చర్చ నాకు చాలా ఇష్టం. ఈ విశ్వమంతా కంప్యూటర్ సిమ్యులేషనా అని ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ కెలుకుతుంటే లీసా రాండల్, మాక్స్ టెగ్‌మార్క్, జేమ్స్ గేట్స్ లాంటి భౌతిక శాస్త్రవేత్తలు వాదించుకుంటారు. మొన్న మళ్ళీ చూద్దామని ఎప్పుడో దాచుకున్న లింక్ నొక్కితే ఏముంది, ఆ సైటే ఎత్తేశారు.

పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పాత అడ్రస్ పెట్టా. ఉచితం, లాగిన్ గోల లేదు, క్యాలెండర్‌లో నీలం చుక్క ఉన్న తేదీ నొక్కితే ఆనాటి పేజీ తెరుచుకుంటుంది. 2001 నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు జనానికి ఇస్తున్న సర్వీసు ఇది. ముందే చెబుతున్నా, పేజీలో రాసింది దొరుకుతుంది గానీ అందులో అతికించిన వీడియోలు చాలాసార్లు రావు, వాటి మీద ఆశ పెట్టుకోకండి. నాకు కావాల్సిందల్లా కార్యక్రమం పూర్తి పేరు, అది దొరికింది. దాంతో వెతికితే మ్యూజియం సొంత యూట్యూబ్ ఛానల్‌లోనే నిక్షేపంలా ఉంది! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

వేబ్యాక్ మెషీన్‌కి నా మార్కులు ఐదుకి నాలుగు. వీడియో దొరికితే మాత్రం రాండల్ ఆ సిమ్యులేషన్ వాదాన్ని తీసిపారేసే చోటు వదలకండి.