సౌర నౌకా, హైబ్రిడ్ నౌకా?

కేవలం ఎండతో ఎంత దూరం పోవచ్చో ట్యూరనోర్ ప్లానెట్‌సోలార్ చూపించింది: 31 మీటర్ల ఈ నౌక, 537 చదరపు మీటర్ల సౌర ఫలకాలను నెత్తిన పరచుకుని, 2010 సెప్టెంబరులో మొనాకోలో బయలుదేరి, భూగోళాన్ని చుట్టి 2012 మేలో అక్కడికే చేరింది. వేగం సుమారు 5 నాట్లే (గంటకు దాదాపు 9 కిలోమీటర్లు) కాబట్టి, మబ్బులను చూసి దారి మార్చుకునే ఓపిక ఉన్నవారికే అది తగినది.

స్లొవేనియాలో తయారైన గ్రీన్‌లైన్ 33 వంటి హైబ్రిడ్ నౌకలో డీజిల్ ఇంజనుకు విద్యుత్ మోటారు తోడుంటుంది. రేవు దాటేటప్పుడు మోటారు మీదే నడిపితే నీరు పడవ అంచును తడిమే చప్పుడు వినిపిస్తుంది. ఎదురుగాలి హెచ్చితే డీజిల్ భారం మోస్తుంది. అందుకే, పొగ పూర్తిగా పోకపోయినా, సెలవు రోజులు లెక్కపెట్టుకుని విహరించేవారికి నేను దీన్నే సూచిస్తాను. అయితే యంత్రాలు రెండు కావడంతో బరువూ మరమ్మతులూ పెరుగుతాయి.