గిబ్బన్ చార్ట్: బొమ్మ బాగుంది, చెట్టే తప్పు

మా హైస్కూల్ పిల్లల కోసం అమలాపురంలో ఒక షాపులో ఈ గిబ్బన్ (చెట్ల మీద బతికే ఒక వానరం) చార్ట్ కొన్నాను. 180 రూపాయలు. లామినేషన్ గట్టిది, వానాకాలం చెమ్మకి ఉబ్బలేదు. పైనా కిందా కర్రలు మాత్రం నాసిరకం.

బొమ్మ వేసినవాళ్ళు జంతువును శ్రద్ధగా చూసి వేశారు. చార్ట్‌లో ఉన్నది హూలాక్ అనే రకం గిబ్బన్; మగది నల్లగా, ఆడది గోధుమ రంగులో ఉంటుంది. రెండూ అలాగే ఉన్నాయి. మగదాని తెల్లటి కనుబొమలు గోడకి దూరంగా ఉన్న చివరి బెంచీ నుంచి కూడా కనిపిస్తున్నాయి. చెయ్యి ఇంకా బాగుంది: నాలుగు వేళ్ళూ కొక్కెంలా వంగి, బొటనవేలు మణికట్టు దగ్గరగా వెనక్కి ఉంది. కొమ్మని పట్టి వేలాడుతూ సాగిపోవడానికి అలాంటి చెయ్యే కావాలి. "మాస్టారూ, తోకేదండీ?" అని పిల్లలు వెంటనే అడిగారు. తోక లేని వానరాల్లో మన దేశంలో అడవుల్లో ఉండేవి ఈ గిబ్బన్లే అని చెప్పడానికి దారి దొరికింది.

కానీ ఆ జంటని కొబ్బరిచెట్టు మీద కూర్చోబెట్టారు! ఇది నాకు చాలా బాధ కలిగించింది. కొబ్బరికి కొమ్మలేవి? కాయలు దింపేవాళ్ళు ఒక చెట్టు దిగి ఇంకో చెట్టు ఎక్కడం కోనసీమ పిల్లలకి రోజూ కనిపించేదే. గిబ్బన్ బతుకు అలా సాగదు. అది నేల మీదకి దిగడం చాలా అరుదు. పండ్లు, లేత ఆకులు తింటూ ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి వెళ్ళాలి, కొమ్మలు ఒకదాన్నొకటి అందుకోవాలి. పొద్దున్నే మగా ఆడా కలిసి కూసే కూతలు కూడా ఆ చెట్ల పైనుంచే.

అస్సాంలోని హొల్లొంగాపార్ అభయారణ్యం చూడండి. 1997లో గిబ్బన్ల కోసం ప్రకటించారు, సుమారు 21 చదరపు కిలోమీటర్లు. మధ్యలోంచి రైలు పట్టాలు పోయాయి. పట్టాలకి ఇటున్నవి అటు వెళ్ళడం కష్టమైపోయింది. అడవి ఉన్నా చెట్లు కలవకపోతే గిబ్బన్‌కి దారి లేనట్టే. చార్ట్‌లో ముందు కనిపించాల్సింది ఇదే.

నేనైతే కొబ్బరిచెట్టు మీద తెల్లకాగితం అంటించి, పిల్లల చేత అడవి చెట్లు గీయించాను. కొనాలనుకునే టీచర్లు కొనండి, ఆ జంతువు బొమ్మకే ఆ డబ్బు చెల్లుతుంది. వచ్చే ముద్రణలో చెట్టు మార్చమని షాపువాళ్ళకి కాగితం మీద రాసి ఇచ్చాను. నా మార్కులు 5కి 3.