షుగరు ఉంది, ఇంట్లో కిడ్నీ జబ్బు కూడా ఉంది: జన్యు పరీక్షా, మూత్ర పరీక్షా, ఏది మేలు?

షుగరు ఉన్న అన్నకు డయాలసిస్ మొదలైతే, అదే షుగరు ఉన్న తమ్ముడికి నిద్ర పట్టదు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. టైప్ 1 షుగరు ఉన్న తోబుట్టువులపై 1989లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒకరికి కిడ్నీలు దెబ్బతిన్న ఇళ్లలో 83 శాతం తోబుట్టువులకూ ఆ జబ్బు జాడ కనిపించింది. దెబ్బతినని ఇళ్లలో 17 శాతానికే.

అయినా వేలు పోసి జన్యు పరీక్ష చేయించుకోవడం కన్నా, వందల్లో అయిపోయే మూత్ర పరీక్షే చాలామందికి మేలు. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బుకు ఒక్క జన్యువు కారణం కాదు, చిన్నచిన్న తేడాలు ఎన్నో కలిసి పనిచేస్తాయి. కిడ్నీ వడపోత పొరలోని కొలాజెన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన కాల్4ఏ3 జన్యువులో ఒక మార్పు కాపు కాస్తుందని 2019లో తేలింది, కానీ ఆ పరిశోధన యూరప్ మూలాల టైప్ 1 రోగులపై జరిగింది. తరచూ వినిపించే ఏపీఓఎల్1 అనే జన్యువులోని మార్పులు ఆఫ్రికా మూలాలున్నవారివి. పైగా రిపోర్టులో 'ముప్పు ఎక్కువ' అని వచ్చినా వైద్యం మారదు. 'తక్కువ' అని వస్తే మాత్రం మనిషి అశ్రద్ధ చేస్తాడు, అదే ప్రమాదం.

మూత్ర పరీక్షలో చూసేది ఆల్బుమిన్ (కిడ్నీ వడపోత దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రోటీన్), క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) నిష్పత్తిని. దీన్నే ఏసీఆర్ అంటారు. లీటరుకు ఆల్బుమిన్ 60 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ 1 గ్రాము ఉంటే ఏసీఆర్ 60. నీళ్లు బాగా తాగి మూత్రం రెట్టింపు పలచబడితే అవి 30 మిల్లీగ్రాములు, అర గ్రాము అవుతాయి. నిష్పత్తి మాత్రం అదే 60. ఒట్టి ఆల్బుమిన్ అంకె చూస్తే మోసపోయేది ఇక్కడే. ఏసీఆర్ 30 లోపు మామూలు, 300 దాటితే తీవ్రం. పొద్దున్నే మొదటి మూత్రం, మధ్య ధార పట్టాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు వద్దు. ఆర్కే బీచ్‌లో పరుగు తీసి నేరుగా ల్యాబుకు వెళ్లినా అంకె పెరుగుతుంది. ఒక్కసారి ఎక్కువ వస్తే బెంబేలు పడొద్దు: మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేయించి, రెండింట్లో ఎక్కువుంటేనే లెక్క. టైప్ 2 వారికి షుగరు తేలిన రోజు నుంచే, టైప్ 1 వారికి ఐదేళ్లు నిండాక, ఏటా తప్పనిసరి.

మన ఉత్తరాంధ్రలో ఇంకో మాట ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. అందుకని అక్కడి బంధువులున్నవారు ఏసీఆర్ బాగుందని ఊరుకోకూడదు, రక్తంలో క్రియాటినిన్ చూసి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడపోసే వేగం అంచనా) కూడా లెక్కగట్టించాలి. అది మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే కిడ్నీ జబ్బే. పరీక్షకు ముందురాత్రి మాంసం మానేయండి, లేకపోతే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది.

జన్యు పరీక్ష నిజంగా అక్కరకొచ్చే ఇళ్లూ ఉన్నాయి. తల్లి వైపు షుగరుతో పాటు చెవుడు, చిన్న వయసులోనే షుగరుతో కిడ్నీలో తిత్తులు, మూత్రంలో రక్తంతో పాటు వినికిడి తగ్గడం ఉంటే ఒకే జన్యువు తప్పు కావచ్చు. అప్పుడు కిడ్నీ డాక్టరు సలహాతో ముందు జబ్బున్న మనిషికే చేయించాలి. ఆ మనిషిలో మార్పు దొరికితే, మిగతావారిలో అదొక్కటే వెతికితే సరిపోతుంది.