నేపుల్స్‌లో పికిల్‌బాల్: ఎక్కడ ఆడాలి, ఎక్కడ దిగాలి, దేనికి డబ్బు దండగ

ప్యాడిల్ అనే చిన్న బ్యాట్‌తో, రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతిని నెట్ మీదుగా కొట్టే ఆట పికిల్‌బాల్. అది ఆడటానికి విమానం ఎక్కి ఇంకో ఊరు వెళ్ళడం అవసరమా అంటే, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అనవసరం. ఆట స్థాయిని చెప్పే రేటింగ్‌లో 3.0 దాటి 3.5 దగ్గర ఆగిపోయినవాళ్ళకి మాత్రం పనికొస్తుంది. డాలస్‌లో మా తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఆటకేం లోటు లేదు. కానీ అందరిదీ ఒకటే తీరు. చిన్నప్పుడు షటిలో, క్రికెట్టో ఆడిన చేతులు కదా, బంతి కనిపిస్తే బాదుడే. అటూ ఇటూ బాదేవాళ్ళే ఉంటే ఎవరి లోపమూ బయటపడదు. అందుకే మొన్న ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా ఫ్లోరిడాలోని నేపుల్స్ వెళ్ళొచ్చాం.

2016లో మొదలైన యూఎస్ ఓపెన్ పికిల్‌బాల్ పోటీలు జరిగేది ఇక్కడి ఈస్ట్ నేపుల్స్ కమ్యూనిటీ పార్కులోనే. 60కి పైగా కోర్టులున్నాయి. అవి చూస్తే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది గానీ, అసలు సంగతి కోర్టుల లెక్క కాదు. చలికాలం వచ్చిందంటే మిషిగన్, ఒహాయో, కెనడాల నుంచి రిటైరైనవాళ్ళు ఇక్కడికి దిగుతారు. వాళ్ళలో చాలామంది రోజూ పొద్దున్నే ఆడేవాళ్ళు. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ మోకాలికి పట్టీ వేసుకుని వచ్చి, నవ్వుతూ మనల్ని 11-4తో ఇంటికి పంపిస్తుంది. ఆవిడ పరిగెత్తదు, గట్టిగా కొట్టదు, తప్పు మాత్రం చేయదు.

ఒక గేమ్ అయ్యాక ఆవిడే అంది: "అంత బలం ఎందుకు వృథా చేస్తావు? నా కాళ్ళ దగ్గర వేస్తే చాలదా?"

ఆ మాటలో చాలా ఉంది. సర్వీస్ చేసిన జట్టు, రిటర్న్ నేలను తాకేదాకా ఆగాలి కాబట్టి వెనకే ఉండిపోతుంది. అవతలివాళ్ళు అప్పటికే కిచెన్ (నెట్‌కి ఆనుకుని, బంతిని గాల్లోనే కొట్టకూడని జాగా) గీత దగ్గరికి చేరిపోతారు. మనం వెనక నుంచి మూడో షాట్ (సర్వీస్, రిటర్న్ తర్వాతది) బాదితే వాళ్ళు ప్యాడిల్ అడ్డుపెడతారంతే, బంతి మన కాళ్ళ దగ్గరికి వచ్చి పడుతుంది. అదే మెత్తగా కిచెన్‌లో పడేలా డ్రాప్ వేస్తే, ముందుకు రావడానికి మనకు టైమ్ దొరుకుతుంది. ఇదంతా యూట్యూబ్‌లో అందరం చూసిందే. మూడో షాట్ తర్వాత ఏం చేయాలన్నది మాత్రం ఈ పెద్దవాళ్ళతో ఆడాకే ఒంటికి పట్టింది. మనవాళ్ళు డ్రాప్ వేయగానే నెట్ దాకా ఒకటే పరుగు తీస్తారు. ఆ పెద్దవాళ్ళు రెండు మూడు అడుగులు వేసి, అవతలి మనిషి ప్యాడిల్ బంతిని తాకే క్షణానికి రెండు కాళ్ళ మీదా సమంగా ఆగుతారు. బంతి కిందికి వస్తే దాన్ని మళ్ళీ మెత్తగా కిచెన్‌లోకే తోస్తారు, ఆపైన ఇంకో రెండు అడుగులు. మధ్యలో ఆగడం సిగ్గుపడే విషయమేం కాదు. కదులుతూ కొట్టడమే ప్రమాదం.

డింకుల్లోనూ (కిచెన్ గీత దగ్గర నుంచి అవతలి కిచెన్‌లోకి మెత్తగా వేసే షాట్లు) అంతే ఓపిక. నెట్ ఎత్తు పక్కన స్తంభాల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34. ఐమూలగా వేస్తే బంతి ఆ తక్కువ ఎత్తు మీదుగా పోతుంది, పడటానికి చోటూ ఎక్కువ ఉంటుంది. అందుకే వాళ్ళు నేరుగా వేసే డింకులు తక్కువ. బంతి నెట్ కన్నా పైకి లేచేదాకా స్పీడ్ పెంచరు. పెంచితే అవతలి మనిషి కుడి భుజం మీదికే, ఎందుకంటే కుడిచేతివాటం వాళ్ళకి మోచెయ్యి ఇరుక్కునేది అక్కడే.

కోచింగ్ గురించి. ఒక చోట గ్రూప్ క్లినిక్‌కి (అందరికీ కలిపి చెప్పే శిక్షణ) వెళ్ళాం, పేరు చెప్పను. ఒక కోచ్, బోలెడుమంది జనం, సగం టైమ్ క్యూలోనే పోయింది. మా ఆవిడకి బంతులు తగిలిందానికన్నా ఎండ తగిలిందే ఎక్కువ. ఆ తర్వాత గంట ప్రైవేట్ లెసన్ తీసుకున్నాం. వంద డాలర్ల చుట్టూ అయింది, ఇద్దరం పంచుకుంటే గిట్టుబాటే. ఆ కోచ్ ఒక్క విషయం పట్టుకుని గంటంతా వదల్లేదు: ప్యాడిల్ పట్టు. పదికి మూడు, నాలుగు వంతుల బిగువు చాలట. పట్టు వదులైతేనే వేగంగా వచ్చే బంతి ప్యాడిల్ మీద చచ్చి, కిచెన్‌లో పడుతుంది. లెసన్ తీసుకునేవాళ్ళు ముందే "నాకు ఫలానా షాట్ కావాలి" అని చెప్పండి. లేకపోతే సర్వీస్ నుంచి మొదలుపెట్టి అన్నీ ముట్టుకుని వదిలేస్తారు.

ఇక బస. ఫిఫ్త్ అవెన్యూ సౌత్ వైపు హోటళ్ళు చాలా బాగుంటాయి, జనవరి నుంచి మార్చి దాకా రేట్లు చూస్తేనే టెన్షన్. పొద్దున్నే ఆటకి వెళ్ళి మధ్యాహ్నం నిద్రపోయేవాళ్ళకి అంత ఖరీదైన వీధి దేనికి? కోర్టులున్న రిసార్టులూ ఉన్నాయి, కానీ అక్కడ ఆడేది పక్క గది అతిథులే, వాళ్ళ స్థాయి మన అదృష్టాన్ని బట్టి. మేం పార్కుకి దగ్గర్లో వంటగది, వాషింగ్ మెషీన్ ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. రోజుకి రెండు జతల బట్టలు చెమటకి తడిసేచోట వాషింగ్ మెషీన్ విలువ స్విమ్మింగ్ పూల్ కన్నా ఎక్కువ. రైస్ కుక్కర్, ఆవకాయ మాతోనే వచ్చాయి. బయట ఇండియన్ రెస్టారెంట్లు కొన్ని ఉన్నాయి గానీ, మూడింటికి ఆకలేస్తే పెరుగన్నమే దిక్కు. కారు మాత్రం తప్పనిసరి. బస్సుల మీద ఆధారపడితే కోర్టు టైమ్ దాటిపోతుంది.

డాలస్‌లో ఇండోర్ ఆడినవాళ్ళకి ఇక్కడ మొదటి రోజు బంతి వింతగా ఉంటుంది. అవుట్‌డోర్ బంతి గట్టిది, చిన్న రంధ్రాలది, జోరుగా వస్తుంది. మధ్యాహ్నానికి సముద్రం గాలి మొదలవుతుంది. గాలికి ఎదురుగా ఉంటే డ్రాప్ కాస్త లోతుగా వేయాలి, గాలి వీపున ఉంటే ఎత్తుగా లేపి కొట్టే లాబ్ మాట మర్చిపోవాలి. మన తల మీదుగా లాబ్ వస్తే వెనక్కి వెనక్కి నడవకండి, పక్కకి తిరిగి పరిగెత్తండి. ఆ వెనకడుగుల్లో పడి మణికట్లు విరగ్గొట్టుకునే పెద్దవాళ్ళున్నారు. రన్నింగ్ షూస్ కూడా వద్దు, పక్కకి కదిలేటప్పుడు చీలమండ మెలికపడుతుంది.

ఏప్రిల్‌లో యూఎస్ ఓపెన్ జరిగే రోజుల్లో చూడ్డానికైతే వెళ్ళండి, ఆడుకోవడానికి కాదు, ఆ కోర్టులన్నీ పోటీలకే. మేం మళ్ళీ వెళ్తే నవంబరు చివర వెళ్తాం, అప్పటికి చలికాలపు జనం రావడం మొదలవుతుంది, గదుల రేట్లు ఇంకా ఆకాశానికి ఎక్కవు. విమానంలో వచ్చేవాళ్ళు ఫోర్ట్ మయర్స్‌లో దిగితే ముప్పావుగంటలో చేరతారు. టాంపా వాళ్ళకి మూడు గంటల లోపు డ్రైవ్. మయామీ నుంచి అలిగేటర్ ఆలీ అనే హైవే మీదుగా వచ్చేవాళ్ళు గ్యాస్ ముందే నింపుకోండి, ఆ దారి పొడవునా తడినేలలే తప్ప బంకులు దాదాపు ఉండవు, పైగా టోల్.