‘టెస్టెడ్, వర్కింగ్’ అంటూ ఎవరైనా హై8 కెమెరా అమ్ముతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పాత అనలాగ్ టేప్ మీద షార్ట్ ఫిల్మో, ఇండిపెండెంట్ సినిమానో తీద్దామని కెమెరా, క్యాసెట్లు వెతుకుతున్నవాళ్ళందరికీ ఈ హెచ్చరిక. మా టీమ్ ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర హై8 క్యామ్‌కార్డర్ (చిన్న క్యాసెట్ మీద రికార్డ్ చేసే పాత వీడియో కెమెరా), దాంతోపాటు ఒక పెట్టెడు ‘సీల్డ్, అన్‌యూజ్డ్’ క్యాసెట్లు కొంది. కెమెరా గురించి ‘టెస్టెడ్, ఫుల్లీ వర్కింగ్’ అని రాశారు. ఫోటోలో వ్యూఫైండర్ వెలుగుతోంది, బాడీ మీద గీత కూడా లేదు. తీరా తేలిందేమిటంటే, వాళ్ళ దృష్టిలో టెస్ట్ అంటే స్విచ్ ఆన్ చేసి లైటు వెలిగిందో లేదో చూడటమే. టేప్ పెట్టి, రికార్డ్ చేసి, వెనక్కి తిప్పి చూసిన పాపాన పోలేదు.

మొదటి క్యాసెట్ బాగానే వచ్చింది. తర్వాతి దాంట్లో సగం నుంచి బొమ్మ మీద అడ్డంగా తెల్లటి గీతలు మొదలయ్యాయి, కాసేపటికి తెరంతా చుక్కలే. షూటింగ్ జరుగుతున్నంతసేపూ వ్యూఫైండర్‌లో మాత్రం అంతా చక్కగా కనిపించింది. ఎందుకంటే రికార్డ్ చేసేటప్పుడు అందులో కనిపించేది లెన్స్ నుంచి వస్తున్న బొమ్మే గానీ టేప్ మీద పడిన బొమ్మ కాదు. టేప్ మీద ఏమీ పడకపోయినా కౌంటర్ తిరుగుతూనే ఉంటుంది, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. మా సినిమాలో తల్లీకూతుళ్ళ మధ్య ఒక పెద్ద సీన్ ఉంది. వాళ్ళిద్దరూ నటులు కారు, నిజంగానే తల్లీకూతుళ్ళు. ఆ టేక్‌లో వాళ్ళ మధ్య జరిగింది మళ్ళీ చేయమంటే రాదు. సరిగ్గా అదే పోయింది.

మాటలు కూడా దక్కలేదు. వీహెచ్ఎస్ అనే పెద్ద వీడియో క్యాసెట్‌లో మామూలు ఆడియో ట్రాక్ టేప్ అంచున విడిగా, కదలని హెడ్‌తో (టేప్ మీద రాసే, చదివే భాగం) రికార్డ్ అవుతుంది కాబట్టి బొమ్మ చెడినా మాట మిగిలే అవకాశం ఉంది. హై8లోనూ, దానికి ముందు వచ్చిన వీడియో8లోనూ అలా కాదు, సౌండ్ కూడా బొమ్మని రాసే ఆ తిరిగే డ్రమ్ మీది హెడ్లే రాస్తాయి. హెడ్ మూసుకుపోతే బొమ్మా మాటా రెండూ పోతాయి. అందుకే ఈ ఫార్మాట్‌లో తీసేవాళ్ళు సౌండ్ కోసం విడిగా ఒక డిజిటల్ రికార్డర్ పెట్టుకోవడం తప్పనిసరి అంటాను.

పాత వీడియో పరికరాలు బాగుచేసే ఒకాయన కెమెరా విప్పి చూపించారు. డ్రమ్‌ను స్పిరిట్‌తో తుడిస్తే గుడ్డకి ముదురు గోధుమ రంగు మడ్డి అంటుకుంది. అదంతా టేప్ మీది పూతే. ప్లాస్టిక్ ఫిల్మ్‌కి అయస్కాంత పొడిని పట్టి ఉంచే బైండర్ ఏళ్ళ తరబడి గాలిలోని తేమ పీల్చుకుని మెత్తబడితే, పూత రాలి హెడ్ సందులో ఇరుక్కుంటుంది. హెడ్ మీద ఆ సందు మన కంటికి ఆనేంత పెద్దది కూడా కాదు, కొంచెం మడ్డి చాలు అది మూసుకుపోవడానికి. ఆ పైన సర్క్యూట్ బోర్డు మీద కెపాసిటర్లనే చిన్న విద్యుత్ భాగాల నుంచి ద్రవం కారి రాగి గీతలు పచ్చబడ్డాయి. హై8 వచ్చిందే 1989లో. ఆ కాలపు క్యామ్‌కార్డర్లలో చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కారడం అందరికీ తెలిసిన జబ్బే. కెమెరా వేడెక్కినప్పుడు చేపల వాసన లాంటిది వస్తే అదే అయ్యుంటుంది. ఈ సంగతి అమ్మేవాళ్ళకి తెలియదంటే నేను నమ్మను. వాళ్ళు రోజూ చేసే వ్యాపారమే ఇది.

ఇక ‘సీల్డ్’ క్యాసెట్ల సంగతి. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. మిగిలినవాటిలో ఒకటి తీసి, వేరే మెషీన్‌లో మొదటి నుంచి చివరిదాకా ప్లే చేశాం. ఒక్కసారి కూడా వాడని టేప్ ప్లే చేస్తే తెర మీద చుక్కలు రావాలి, లేదా మెషీన్ నీలి తెర చూపించాలి. ఇందులో నిలకడగా శుభ్రమైన నలుపు వచ్చింది. అంటే ఎవరో లెన్స్ మూత పెట్టి దాని మీద రికార్డ్ చేశారన్నమాట. చివరికి వచ్చేసరికి ఆ నలుపు తెగిపోయి ఎవరింట్లోదో పుట్టినరోజు వేడుక ప్రత్యక్షమైంది. ఒక చిన్న పాప కెమెరా వైపు చెయ్యి చాచి నవ్వుతోంది. ఒక కుటుంబం జ్ఞాపకాన్ని చెరిపి, పైన ప్లాస్టిక్ చుట్టి, కొత్తదని మాకు అంటగట్టారు. వాపసు అడిగితే, ‘మీరు తప్పు టేపులు వాడి హెడ్ పాడుచేశారు’ అని జవాబు. ఆ టేపులు అమ్మింది వాళ్ళే! ఇంకో మెసేజ్ పెడితే, సినిమాకి వాడితే అది కమర్షియల్ వాడకం, రిటర్న్ వర్తించదన్నారు. ఆ షరతు ప్రకటనలో ఎక్కడా లేదు.

ఈ మోసానికి అవకాశం ఎక్కడుందో చెప్తాను. ఈ టేప్ బొమ్మ మీద ఇప్పుడు మోజు పెరిగింది, కొత్త సరుకేమో రాదు. వీసీఆర్‌లు చేస్తున్న చివరి కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. ఉన్నవాటితోనే సర్దుకోవాలి కాబట్టి, ఏది దొరికినా కళ్ళకద్దుకుని కొంటామని వాళ్ళ ధీమా.

కాబట్టి ఫోటోలు చూసి కొనకండి. ఒక వీడియో అడగండి. ఫోన్‌తో కట్ లేకుండా తీసిన వీడియో అయ్యుండాలి. అందులో కెమెరాలోకి టేప్ ఎక్కాలి, ఆ రోజు తేదీ చూపిస్తున్న ఇంకో ఫోన్‌ని కెమెరా కనీసం పది నిమిషాలు రికార్డ్ చేయాలి, వెనక్కి తిప్పి ఆ టేప్‌నే టీవీలో ప్లే చేసి చూపించాలి, చివర్న టేప్ తేలిగ్గా బయటికి రావాలి. పాత టేప్ ప్లే అవుతోందని చూపిస్తే లెక్కలోకి రాదు. ప్లే అయ్యే కెమెరా రికార్డ్ చేస్తుందన్న గ్యారంటీ లేదు. వీలుంటే ఆ టేప్‌ని ఇంకో మెషీన్‌లో కూడా ప్లే చేయించండి. టేప్, హెడ్ల అమరిక (అలైన్‌మెంట్) తప్పిన కెమెరా తను తీసింది తనొక్కటే చదువుకోగలదు, రేపు అది చచ్చిపోతే మీ సినిమా కూడా దాంతోనే పోతుంది. వీడియో పంపడానికి నసిగితే ఆ బేరం వదిలేయండి. పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ సిగ్నల్ పద్ధతుల్లో ఏదో కూడా ముందే అడగండి, రెండూ కలిపి తీస్తే ఎడిటింగ్‌లో నరకం.

క్యాసెట్ చేతికొస్తే దాని మీది చిన్న కిటికీలోంచి టేప్ చుట్ట అంచు చూడండి. నున్నగా, ఒకే రంగులో ఉండాలి. తెల్లటి మచ్చలుంటే అది బూజు, అలాంటి టేప్‌ని కెమెరాలో అస్సలు పెట్టకండి. చుట్టలో మెట్లు మెట్లుగా పొరలు లేచి ఉన్నా అనుమానించాల్సిందే.

మేం ఇప్పుడు వేరే కెమెరాతో, ఎదురుగా కూర్చుని టెస్ట్ చేసి కొన్నదానితో, మిగతా సీన్లు తీస్తున్నాం. షూటింగ్ జరుగుతుండగానే కెమెరా ఎస్-వీడియో అవుట్ (కేబుల్‌తో బొమ్మని బయటికి పంపే సాకెట్) నుంచి ఒక డిజిటల్ కాపీ పక్కన రికార్డ్ చేస్తున్నాం. ఆ కాపీకి టేప్ మీది నలుగుడు, మసక రావు కానీ సీన్ మాత్రం దక్కుతుంది. ఆ రోజు టేపులన్నీ అక్కడే వెనక్కి తిప్పి పూర్తిగా చూశాకే నటుల్ని పంపిస్తున్నాం, లైట్లు దించుతున్నాం.