కుర్చీ సీటు కాన్వాస్ కిట్: బొమ్మ బాగుంది, ఊలు చాలదు

గళ్ల కాన్వాస్ మీద ఊలుతో బొమ్మ కుట్టి కుర్చీ సీటుకి బిగించుకునే కిట్ ఇది. ఇందులో వచ్చేవి: అంగుళానికి 12 గళ్ల కాన్వాస్, 20 అంగుళాల చదరం, దాని మధ్య 17 అంగుళాల గులాబీల అచ్చు, 8 మీటర్ల ఊలు లచ్చీలు 30, 20 నంబరు సూదులు రెండు. రంగుల పొందిక చాలా బాగుంది. ఆకుపచ్చలోనే నాలుగు ఛాయలిచ్చారు.

అసలు లోపం లెక్కలో ఉంది. 30 లచ్చీలు హాఫ్ క్రాస్ కుట్టుకే (వరసగా వేసే సగం ఇంటూ కుట్టు) సరిపోతాయి. ఆ కుట్టుకి వెనకవైపు ఊలు పలచగా పడుతుంది, పైగా ఇలాంటి ఒంటిపోగు (పోగులు జంటగా కాక ఒక్కొక్కటిగా నేసిన) కాన్వాస్ మీద జారుతుంది. గోడకు తగిలించే పటానికి పరవాలేదు గానీ, రోజూ మనిషి కూర్చునే సీటు అరిగిపోతుంది. సీటుకి బాస్కెట్‌వీవే (వెనక బుట్ట అల్లికలా పడే వాలు కుట్టు) కుట్టాలి. కుట్టు వరసలు ఐమూలగా నడుస్తాయి కాబట్టి గుడ్డ వంకర పోదు, వెనక దిట్టమైన నేతలా మూసుకుంటుంది. అందుకు చదరపు అంగుళానికి గజంపావు ఊలు, అంటే మొత్తం 42 లచ్చీల దాకా కావాలి. తక్కువపడే 12 మొదలుపెట్టకముందే తెప్పించుకోండి. తర్వాత కొంటే అద్దకం మారి చార కనిపిస్తుంది.

సూది మార్చండి. 20 నంబరు బెజ్జంలో ఊలు నలిగి నూగు లేస్తుంది, బెజ్జం పెద్దదైన 18 తీసుకోండి. ఒక్కోసారి ఎక్కించే పోగు మూరెడు చాలు. నరసాపురం లేసు అల్లే చేతులకి దారం బిగించే అలవాటుంటుంది. ఇక్కడ బిగిస్తే గళ్ల మధ్య తెల్లటి కాన్వాస్ బయటపడుతుంది.

17 అంగుళాల కుర్చీకి ఈ కాన్వాస్ చాలదు. స్పాంజి అంచులకి చెరోవైపు ఒకటిన్నర అంగుళం, మేకులకి చెరోవైపు రెండంగుళాలు కలిపితే 24 అంగుళాల గుడ్డ కావాలి. 14 అంగుళాల పీటకైతే అచ్చు సరిపోతుంది, మేకుల అంచు మాత్రం ఇరుకే.

కుట్టాక తడిపి, చెక్క పలక మీద మూలమట్టానికి సాగదీసి ఆరబెట్టాలి. తడిపే ముందు రంగు దిగుతుందేమో ఎర్ర ఊలుని తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. పిన్నులు ఇత్తడివే వాడాలి, ఇనుప తుప్పు మరక పోదు. మన డెల్టా ముసురులో ఒక్క రోజులో ఆరదు. ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఉంచండి. చెమ్మతో బిగిస్తే లోపల బూజు పడుతుంది.

చట్రంలోకి దించే సీటైతే ఇంకో చిక్కుంది. ఊలు మందానికి సీటు పట్టదు. సుత్తితో దిగగొడితే పాత టేకు కుర్చీ అతుకులు విడిపోతాయి. పాత గుడ్డ ఊడదీసి, సీటు చెక్కకి నాలుగు వైపులా 2 మిల్లీమీటర్లు వడ్రంగి చేత చిత్రిక పట్టించాకే కొత్త కుట్టు బిగించాలి.