పాత ట్రాక్టరు కొనేవారికి హెచ్చరిక: మీరు వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంటే బయానా ఇవ్వకండి

ఒడిశాలోని గుణుపూర్ చుట్టుపక్కల వంశధార ఒడ్డున వరి పండించుకునే మనలో చాలామంది కొత్త ట్రాక్టరు కొనే స్తోమత లేక, పర్లాకిమిడి దాటి శ్రీకాకుళం జిల్లా వైపు పాత బండ్లు అమ్మే యార్డులకు వెళ్తుంటారు. భాష మనదే, అక్కడ చుట్టాలూ ఉంటారు కనుక బేరం సులువుగా కుదురుతుంది. నేనూ ఈ వేసవి చివర అలాగే వెళ్లి 39 హెచ్‌పీ బండి ఒకటి 3,40,000 రూపాయలకు కొన్నాను. ఆకుమడి ముదిరి, దమ్ము పట్టవలసిన రోజుల్లో ఆ బండి నాలుగైదు ఉదయాలు స్టార్టు కాలేదు. నాకు జరిగిన నష్టం మరొకరికి జరగకూడదని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ముందురోజు ఫోన్ చేసి, పది గంటలకు వస్తామని చెప్పి వెళ్లాం. మేము చేరేసరికి బండి కడిగి, టైర్లకు నలుపు రాసి, యార్డు ముందు నిలబెట్టి ఉంది. అమ్మకందారు తాళం ఇలా తిప్పగానే ఇంజను అలా అందుకుంది. మా బావగారు సైలెన్సరు పక్కన బానెట్ మీద చెయ్యి ఆనించి వెంటనే వెనక్కి తీసుకున్నారు. అంత వేడిగా ఎందుకుందని అడిగితే, ఇప్పుడే కడగడానికి అటూ ఇటూ తిప్పామని చెప్పారు. మేము నమ్మాం. వేడెక్కిన డీజిల్ ఇంజనును తిప్పడానికి బ్యాటరీకి పెద్దగా బలం అక్కరలేదని, సగం చచ్చిన వైరింగు కూడా ఆ కాసేపటికి బాగానే పనిచేసినట్టు కనిపిస్తుందని నాకు అప్పటికి తెలియదు. చల్లని ఇంజనుతో పరీక్ష చేయనివ్వకుండా చూడటమే అక్కడి మోసమంతా.

ఇంటికి తెచ్చిన మర్నాడు ఉదయం తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజనును తిప్పి లేపే స్టార్టరు మోటారు) దగ్గర ‘టక్’ అని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు దీపాలు వెలిగి, తాళం తిప్పగానే మసకబారాయి. నలుగురం కలిసి తోస్తే స్టార్టయింది, ఆ రోజంతా బాగానే నడిచింది, మరుసటి ఉదయం మళ్లీ అదే ‘టక్’. పిలిచిన మెకానిక్ వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటరు తీయకుండానే సెల్ఫ్ పోయిందన్నాడు. దాన్ని విప్పి కార్బన్‌లు, బుష్‌లు మార్పించడానికి 4,800 రూపాయలయ్యాయి. రెండు రోజులు ఏ ఇబ్బందీ లేదు, మూడో రోజు మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు బ్యాటరీ చచ్చిందన్నాడు. 88 ఏహెచ్ (ఆంపియర్-గంటలు, అంటే కరెంటు నిల్వ చేసే కొలత) కొత్త బ్యాటరీకి 8,200 అయింది. ఆ కొత్త బ్యాటరీ కూడా రెండో ఉదయానికే చేతులెత్తేసింది. ఈలోగా మడిలో నీళ్లు ఇంకిపోతుంటే, గంటకింత అని కిరాయి బండి పెట్టి దమ్ము చేయించుకున్నాను.

చివరికి గుణుపూర్‌లో లారీల వైరింగు పని చేసే ఒక పెద్దాయన వచ్చారు. ఆయన పని చేసిన వరుస ప్రతి ట్రాక్టరు రైతూ నేర్చుకోదగినది. ముందు ఏ సామానూ విప్పలేదు. సాయంత్రం ఇంజను ఆపిన గంట తరువాత బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య మీటరు పెడితే 12.6 వోల్టులు చూపింది, అంటే నిండుగా ఉన్నట్టే. వెంటనే నెగటివ్ టెర్మినల్ క్లాంపు విప్పి, ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టారు. తాళం తీసేసి ఉంది, దీపాలన్నీ ఆరి ఉన్నాయి, అయినా మీటరు 3 ఆంపియర్లకు పైగా చూపింది. ఆపి ఉంచిన అటువంటి పాత బండి దాదాపు ఏమీ తాగకూడదు. రాత్రి పన్నెండు గంటలూ 3 ఆంపియర్ల చొప్పున పోతే 36 ఏహెచ్, అంటే 88 ఏహెచ్ బ్యాటరీలో దాదాపు నలభై శాతం తెల్లారేసరికి ఖాళీ. (మీటరు ఇలా పెట్టినప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ తాళం తిప్పకూడదు. సెల్ఫ్ లాగే కరెంటుకు మీటరు తట్టుకోలేదు.) తరువాత ఆయన ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూశారు, అంకె కదల్లేదు. బ్యాటరీకి ఛార్జింగు ఇచ్చే డైనమో వెనకనున్న వైర్లు విప్పగానే అంకె సున్నాకు పడింది. డైనమోలోపల డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) ఒకటి షార్టయింది. ఇంజను ఆగినా ఆ దారిన కరెంటు డైనమో కాయిల్‌లోకి పోతూనే ఉంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ తరువాత చూసిన విషయం. డయోడు ఇలా పోతే డ్యాష్‌బోర్డులోని ఛార్జింగు దీపం తాళం తీసినా సన్నగా వెలుగుతూ కొనేవాడికి ఇట్టే పట్టిస్తుంది. మా బండిలో మీటర్ల డబ్బా వెనకకు చెయ్యి పెట్టి చూస్తే ఆ దీపం హోల్డరు ఖాళీగా ఉంది. బల్బు మాడిపోలేదు, ఎవరో తీసేశారు. దాని పక్కన ఆయిలు దీపం బల్బు మాత్రం చక్కగా ఉంది. దీన్ని పొరపాటని నేను అనుకోలేను.

రెండో లోపం ఎర్త్ తీగ. బ్యాటరీ నెగటివ్ నుంచి ఛాసిస్‌కు వచ్చే ఆ లావు తీగ బోల్టు కింద తుప్పును గీకకుండా దాని మీదనే కొత్త రంగు కొట్టారు. పైకి నిగనిగలాడుతున్న ఆ బోల్టును విప్పితే కింద గోధుమరంగు పొడి రాలింది. మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, రెండోది ఇంజను దిమ్మ మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే, అర వోల్టు లోపు ఉండవలసిన చోట దాదాపు 2 వోల్టులు చూపింది. బ్యాటరీలో మిగిలిన కాస్త బలాన్నీ ఆ తుప్పే తినేస్తోంది. ఉప్పుకాగితంతో రుద్ది, తీగ మార్చి బిగిస్తే సెల్ఫ్ గొంతే మారిపోయింది.

మూడోది ప్రాణాపాయమైనది కనుక దీన్ని మాత్రం అశ్రద్ధ చేయకండి. చాలా బండ్లలో క్లచ్ పెడల్ దగ్గర ఒక చిన్న సేఫ్టీ స్విచ్ ఉంటుంది. క్లచ్ తొక్కితే తప్ప సెల్ఫ్‌కు కరెంటు పోనివ్వకుండా చూడటమే దాని పని. మా బండిలో ఆ స్విచ్ రెండు తీగలనూ కలిపి మెలేసి, నల్ల టేపు చుట్టి వదిలేశారు. గేరులో ఉందని గమనించక మా తమ్ముడు తాళం తిప్పితే బండి ముందుకు ఉరికి పాక గుంజను విరిచింది. అదృష్టవశాత్తూ ముందు ఎవరూ లేరు. స్టార్టు కాని బండిని కింద నిలబడి, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ బోల్టులు కలిపి లేపే అలవాటు మన పల్లెల్లో ఉంది. అలా కలిపితే స్విచ్ బాగున్నా లేకపోయినా ఒకటే, గేరులో ఉంటే వెనక చక్రం మనిషి మీదకే వస్తుంది.

డైనమో డయోడు ప్లేటు, ఎర్త్ తీగ, క్లచ్ స్విచ్, ఛార్జింగు బల్బు, కూలి అన్నీ కలిపి 2,900 రూపాయలతో బండి బాగుపడింది. అంతకు ముందు సెల్ఫ్‌కూ బ్యాటరీకీ పెట్టిన 13,000 లోపం జోలికే పోలేదు. ఇప్పుడు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 14.2 వోల్టులు వస్తున్నాయి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో సరిగా ఛార్జింగు ఇస్తున్నట్టు. కొన్న రోజున చూసుకొని ఉంటే మా బండి 13 కూడా దాటేది కాదు.

అమ్మకందారుకు ఫోన్ చేస్తే, బండి ఉన్నది ఉన్నట్టుగా అమ్మామని రసీదు మీద రాశాం కదా అన్నారు. వేరే రాష్ట్రం కనుక ఏమీ చేయలేమని నేనూ మొదట ఊరుకున్నాను. కానీ వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం కొన్నవాడు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు, గడువు రెండేళ్లు. ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి నా ఫిర్యాదు చెప్పుకున్నాను. రసీదు, మెకానిక్ బిల్లులు, ఖాళీ హోల్డరు ఫోటో, టేపు చుట్టిన తీగల ఫోటో దాచి ఉంచాను. మీరు కొనేటప్పుడు రసీదు మీద ఆ ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే మాటకు ఒప్పుకోకండి. సెల్ఫ్, డైనమో, బ్యాటరీ పనిచేసే స్థితిలో ఉన్నాయని రాయించుకుని సంతకం తీసుకోండి.

ఆ యార్డులో ఇంకా బండ్లు అమ్మకానికి నిలబడి ఉన్నాయి. ఆ వైపు ఏ యార్డుకు వెళ్లినా ముందుగా ఫోన్ చేయకుండా, తెల్లవారి వాళ్లు తలుపు తీసే వేళకే చేరండి. బండి దగ్గరికి వెళ్లగానే ఇంజను దిమ్మ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే చల్లారేదాకా అక్కడే కూర్చోండి. తాళం మొదటి మెట్టుకు తిప్పినప్పుడు ఛార్జింగు దీపం వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. మూడు నాలుగు వందల రూపాయల మీటరు ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి. వీలైతే బయానా ఇచ్చే ముందు ఆ రాత్రి బండిని అక్కడే ఉంచమని అడిగి, వాళ్లు ఛార్జరు పెట్టకుండా మీ మనిషిని కాపలా ఉంచి, మర్నాడు మీరే స్వయంగా తాళం తిప్పండి.